సైజుకు రాని పదకొండు తూటాలు

“రఘునందన్, కాల్చేసిన తూటాని మళ్లీ నింపడం వచ్చా నీకు?”

“రాదు సర్.”

“గుడ్. ఎనిమిది రోజులు టైముంది. నేర్చుకో.”

ఏజెంట్ రఘునందన్ పళ్లు నూరుకున్నాడు. చప్పుడు రాకుండా నూరుకోవడం పదిహేడేళ్ల సర్వీసులో అతనికి బాగా అబ్బిన విద్య.

కోలారు టమోటా మార్కెట్ పక్కన ఒక మండీ మేడ మీద ఉంది ఆ గది. బయట ‘ఖాళీ క్రేట్లు అద్దెకు ఇవ్వబడును’ అని బోర్డు. లోపల ఒక ఫ్యాను, రెండు కుర్చీలు, ఒక వైర్‌లెస్ సెట్టు. ఏ సర్కారీ కాగితం మీదా పేరు కనిపించని ‘డెస్క్ సెవెన్’ అనే గూఢచార సంస్థకు దక్షిణాది స్టేషన్ అదే. ఎదుటి కుర్చీలో ఉన్న బదరీనాథ్ దానికి చీఫ్. కింద వేలంపాట మైకు అరుస్తుంటే ఆయన ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది. అది 2007 ఫిబ్రవరి.

“టార్గెట్ డాక్టర్ అక్షత,” అన్నాడు బదరీనాథ్. “జియోఫిజిసిస్ట్. బంగారు గనులు నడిచిన రోజుల్లో లోపల బండ పగలబోతుంటే ముందే పసిగట్టే పరికరాలు ఉండేవి, గుర్తుందా?”

ఎందుకు గుర్తుండదు? రఘునందన్ తండ్రి కేజీఎఫ్‌లో మైనింగ్ టైమ్ ఆఫీసులో క్లర్కు. బండ పగిలినప్పుడల్లా ఊరుగాంలో వాళ్ల ఇంటి గిన్నెలు అరల మీద నుంచి దొర్లి పడేవి. ఇప్పుడు గనులు మూసి ఆరేళ్లయింది.

“అదే విద్యను ఆమె ముందుకు తీసుకెళ్లింది. సరిహద్దు కింద ఎవడైనా సొరంగం తవ్వుతుంటే మైళ్ల దూరం నుంచి వినే యంత్రం చేసింది. వచ్చే ఆదివారం కేజీఎఫ్ ఛాంపియన్ రీఫ్‌లో, గనిలోకి దిగే ఒక పాత షాఫ్ట్ దగ్గర దాన్ని టెస్ట్ చేస్తుంది. ఆ యంత్రం గిట్టని వాళ్లు లాంటర్న్ రింగ్‌కి కాంట్రాక్ట్ ఇచ్చారు.”

లాంటర్న్ రింగ్ పేరు వినగానే రఘునందన్ నిటారుగా కూర్చున్నాడు. మూడు దేశాల్లో ఏడుగురిని చంపిన ముఠా. చంపిన ప్రతిసారీ అది యాక్సిడెంట్ అనే తేలింది.

బదరీనాథ్ ఒక ఫొటో జరిపాడు. తెల్ల గడ్డం, గోల్డ్ ఫ్రేమ్ కళ్లద్దాలు. “క్రెస్లర్. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల్లో మిగిలిన బంగారం లెక్కగట్టే కన్సల్టెంట్‌నని చెప్పి బంగళా అద్దెకు తీసుకున్నాడు. పందుల కోసం కాపలా ఉన్న రైతు గురి తప్పి డాక్టర్‌ని కాల్చాడు అని లోకం నమ్మాలి. అందుకే ఫ్యాక్టరీ తూటా వాడడు. ఇంట్లో నింపిన పన్నెండు బోర్ తూటా కావాలి వాడికి, అదీ ఒంటి సీసపు గుండుతో. ఊరుగాంలో నరసింహప్ప అని ఒక రిటైర్డ్ ఫిట్టర్ ఉన్నాడు. రైతులకు దొంగచాటుగా తూటాలు నింపి ఇస్తాడు. ఆయన దగ్గరికి మనుషుల్ని పంపాడు.”

“మనకెలా తెలిసింది?”

“ఆయనే వచ్చి చెప్పాడు. మూడు వారాల క్రితం.”

“మూడు వారాలా?”

“ఫైల్ వేరే సెక్షన్‌కి వెళ్లింది. వాళ్లు ముందు లైసెన్స్ లేకుండా తూటాలు నింపుతున్నందుకు ఆయన మీద కేసు రాశారు. బయటికి వస్తూ ఆ ఆఫీసు మెట్ల మీదే జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అందుకే నువ్వు. అక్కడ అందరికీ నువ్వు ఆయన అక్క కొడుకువి. మామ చెయ్యి విరిగింది కాబట్టి పని నువ్వు చేస్తున్నావు.”

బదరీనాథ్ సొరుగులోంచి లావు కొలిచే ఒక స్టీలు కాలిపర్ తీశాడు. “లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. స్క్రూ నొక్కితే నాకు వినబడుతుంది. ఇంకో సంగతి. ముఠా లోపల మన మనిషి ఉన్నారు. ఎవరో నాకూ తెలియదు. కోడ్ వర్డ్, ‘మీ లైన్లో నీళ్లు ఎప్పుడొస్తాయి?’ నీ జవాబు, ‘అడగొద్దు, పది రోజులైంది.’”

“సర్, కేజీఎఫ్‌లో ఆ మాట అడగని మనిషి ఉంటాడా?”

“ఢిల్లీ అప్రూవ్ చేసిన కోడ్. మార్చడం కుదరదు.”

* * *

ఊరుగాంలో బస్సు దిగిన పావుగంటలో రఘునందన్‌ని ఆ ప్రశ్న ముగ్గురు అడిగారు. సైకిల్ మీద బిందెలు మోసుకెళ్తున్న ముసలాయన, సోడా బంకు ఆమె, చివరికి నరసింహప్ప భార్య సొన్నమ్మ.

“మీ పక్క లైన్లో నీళ్లు ఎప్పుడొస్తాయంటప్పా, విన్నావా?” అంది ఆమె తలుపు తీస్తూనే.

“అడగొద్దత్తా, పది రోజులైందంట,” అన్నాడు రఘునందన్ నీరసంగా. లాంటర్న్ రింగ్‌లో సొన్నమ్మ ఉండే అవకాశం లేదని తన నోట్‌బుక్‌లో రాసుకోవాలా వద్దా అని ఒక నిమిషం ఆలోచించాడు కూడా.

నరసింహప్పకు అరవై ఎనిమిదేళ్లు. ముప్ఫై ఒక్కేళ్లు గని వర్క్‌షాపులో పనిచేసిన మనిషి. కుడిచేతికి సిమెంటు కట్టు, ఎడమచేతిలో బీడీ. ఇంటి వెనక రేకుల షెడ్డులో బెంచీ, దానికి బిగించిన వైసు, పక్కన ఒక హ్యాండ్ ప్రెస్సు. బల్ల మీద, పన్నెండు నింపి ఇమ్మని క్రెస్లర్ మనుషులు పంపిన గుడ్డసంచి నిండా కాల్చేసిన తూటాలు.

“పోలీసోళ్లు కేసు రాసినారు గదా, మళ్లా నాకెందుకు సాయం చేస్తా ఉండావు మామా?” అని అడిగాడు రఘునందన్.

“పందికి తూటా అడిగేవాడు గట్టిగా పేలల్ల అంటాడు. వీడు నూరు గజాల కాడ అరచెయ్యంత జాగాలో తగలల్ల అన్నాడు. నూరు గజాల కాడ పంది నిలబడి ఫొటో తీపించుకుంటాదా? అది మనిషి కోసమని ఆ దినమే అర్థమయిపాయ. ఆరు శాంపిల్ ముందే ఇచ్చేసినాను. ఆ పాపం నన్ను నిద్ర పోనీలే.” బీడీ ఆర్పాడు. “ఊ, కూసో. చెయ్యి చూపించు. ఇది పెన్ను పట్టిన చెయ్యి. పోనీలే.”

పని వినడానికి సులువు. తూటా పేలినప్పుడు అడుగున ఉండే ఇత్తడి టోపీ వేడికి, ఒత్తిడికి ఉబ్బి, తుపాకీలో తూటా కూర్చునే చాంబరు గోడలకు అతుక్కునేంత లావవుతుంది. దాన్ని మళ్లీ వాడాలంటే ముందు పాత కొలతకు తేవాలి. గట్టి ఉక్కు కడియం లాంటి డైలోకి దాన్ని ప్రెస్సుతో దిగ్గొట్టి బయటికి లాగాలి. ఆ డై నరసింహప్ప సొంతంగా గని లేత్ మీద తిప్పుకున్నది. సైజుకు రాని తూటా మళ్లీ చాంబరులోకి పోదు. పోయినా మూత పడదు.

మొదటి రోజు రఘునందన్ తొమ్మిది తూటాలు పాడు చేశాడు. నూనె తక్కువైతే టోపీ డైలో ఇరుక్కుంది. ఎక్కువైతే ఇత్తడి మీద సొట్టలు పడ్డాయి. ఇరుక్కున్నదాన్ని లాగితే అంచు చిరిగి చేతికొచ్చింది, టోపీ మాత్రం డైలోనే ఉండిపోయింది. కర్రముక్క పెట్టి సుత్తితో కొట్టి తీసేసరికి మధ్యాహ్నమైంది.

“అట్ల కోపంగా తొయ్యొద్దప్పా. అది మెత్తగా నొక్కితే మాట వింటాది.”

“నాకు కోపం లేదు మామా.”

“ఉండాది. ప్రెస్సుకు తెలిసిపోతాది.”

నిజమే, కోపం ఉంది. పోయినేడు ఒక పోర్టులో ఢిల్లీ మెసేజ్ ఆరుగంటలు ఆలస్యంగా వచ్చినందుకు అతని ఆపరేషన్ మొత్తం మునిగింది. తప్పు అతని ఖాతాలో పడింది. విశ్రాంతి అనే పేరుతో కోలారుకు తోశారు. ఇప్పుడు ఒక ఆడమనిషి ప్రాణం ఎనిమిది రోజుల దూరంలో ఉంటే తను రేకుల షెడ్డులో ఇత్తడి గొట్టాలతో కుస్తీ పడుతున్నాడు. రెండో రోజు ప్రెస్సు పిడి విరిగింది. మూడో రోజు సైజుకు వచ్చిందనుకున్న తూటా గంట తర్వాత కొలిస్తే మళ్లీ వెంట్రుకవాసి లావైంది.

“ఇత్తడి కదా, కొంచెం వెనక్కి పొంగుతాది. లోపల నాలుగు లెక్క పెట్టేదాకా పట్టి ఉండల్ల. నేను మొన్న చెప్పినాను, నువ్వు వినలే.”

“చెప్పలేదు మామా.”

“చెప్పినా విని ఉండవు.”

నాలుగో రోజు పొద్దున ఒక్కటి సరిగ్గా వచ్చింది. నరసింహప్ప దాన్ని వెలుతురుకు ఎత్తి, బొటనవేలితో చుట్టూ తడిమి, గుండు బిగించి కిటికీ అర మీద పెట్టాడు. “ఇది తూటా. మిగిలినవన్నీ ఇట్లుండల్ల.” మెచ్చుకోలు అంతే. అయినా రఘునందన్‌కు ఆ రోజంతా కడుపు నిండినట్టే ఉంది.

* * *

అదే సాయంత్రం సంచిలో మిగిలిన ఖాళీ తూటాలను బల్ల మీద పేర్చుకుని రఘునందన్ ఒక్కొక్కటే కొలుస్తున్నాడు. కాలిపర్‌లో ట్రాన్స్‌మిటర్ మొదటి రోజే మూగబోయింది కానీ, కొలవడానికి మాత్రం పనికొస్తోంది.

“మామా, ఇవి చూడు. కొన్ని బాగా ఉబ్బినాయి. ఈ ఆరు మాత్రం కొత్తవాటి మాదిరే ఉండాయి. డైలోకి ఊరకే జారిపోతా ఉండాయి.”

నరసింహప్ప కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఉబ్బిన తూటాను ఒకదాన్ని తిప్పి చూసి వెంటనే గుర్తుపట్టాడు. “ఇది మాస్తి ఓబలప్ప తుపాకీలో కాల్చింది. వాళ్ల నాయన కాలం నాటి జోడుగొట్టాల గన్ను. చాంబరు అరిగి బావి మాదిరి అయిండాది. పన్నెండేండ్లుగా వాడి తూటాలు నేనే నింపుతా ఉండాను.” తర్వాత ఆ ఆరింటి అడుగులూ వెలుతురుకు తిప్పి చూశాడు. “ఇవి నేనిచ్చిన శాంపిల్లే. ఓబలప్ప గన్నులో పేల్చినవి కావు. పిన్ను దెబ్బ చూడు, వాడి దాంట్లో పక్కకు పడతాది, వీట్లో నట్టనడుమ ఉండాది. చాంబరు చానా బిగువు. కొత్త గన్ను. మన దేశంది కాదు.”

రఘునందన్‌కు అంతా ఒక్కసారిగా అర్థమైంది. మాస్తిలో ఓబలప్ప అనే రైతు లైసెన్స్ తుపాకీ పది రోజుల క్రితం పోయిందని మండీ గదిలో ఒక మామూలు రిపోర్టు చూశాడు. క్రెస్లర్ కాల్చేది తన సొంత తుపాకీతో. అక్కడ పారేసి పోయేది ఓబలప్ప తుపాకీని. గుండు నాటుది, తూటా నాటుది, తుపాకీ రైతుది. డాక్టర్ చచ్చిపోతుంది, ఏమీ తెలియని ఓబలప్ప జైలుకు పోతాడు. రెండు తుపాకుల ఖాళీ తూటాలు ఒకే సంచిలో కలిపి పంపడం ఒక్కటే వాళ్లు చేసిన పొరపాటు.

సిగ్నల్ కోసం సైనైడ్ దిబ్బ ఎక్కి బదరీనాథ్‌కి ఫోన్ చేశాడు. బూడిదరంగు ఇసుకలో మోకాళ్ల దాకా దిగబడ్డాడు.

“సర్, ఆదివారం ప్రోగ్రాం ఆపండి.”

“ఢిల్లీలో ఫిక్స్ అయింది. ఆపితే వాడు తప్పించుకుంటాడు. రెడ్‌హ్యాండెడ్‌గా కావాలి. పేలని తూటాలు ఇచ్చెయ్.”

“ఓబలప్ప గన్ అప్పుడే కాల్చినట్టు వాసన రావాలి కదా. మనమిచ్చేవాటిలో రెండు పేల్చి చూస్తామని వాళ్లు ముందే చెప్పారు.”

“ఆ రెండూ మంచివి ఇవ్వు.”

“పన్నెండులో వాళ్లు ఏ రెండు తీస్తారో నాకెలా తెలుస్తుంది సర్?”

వేలంపాట మైకు అరిచింది. “ఏమిటీ? వినబడలేదు,” అన్నాడు బదరీనాథ్. లైను కట్టయింది.

దిబ్బ దిగి వచ్చేసరికి నరసింహప్ప ఆ ఆరు ఖాళీ తూటాలనూ పక్కన పడేసి, ఉబ్బినవాటిలోంచి పన్నెండు ఏరి పెట్టాడు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చిందని ఆ వరస చూడగానే తెలిసింది.

“మామా, వీటిని సైజు చేయకుండానే నింపితే?”

“ఓబలప్ప గన్నులో ఝాం అని పేలతాయి. ఆ రెండో గన్నులో మూత పడదు.” నరసింహప్ప కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని నిట్టూర్చాడు. “ముప్ఫై ఒక్క ఏండ్లు వర్క్‌షాపులో సైజు తప్పిన పని బయటికి పంపలేదప్పా నేను. ఇంగ ఇదొకటి చూడల్ల.”

నాలుగు రోజులు ప్రాణం పెట్టి నేర్చుకున్న పనిని ఇప్పుడు చేయకుండా ఉండాలి. రఘునందన్ నవ్వలేకపోయాడు.

* * *

శనివారం పన్నెండు గంటలకు తెల్ల కారు వచ్చింది. ముందు గళ్ల చొక్కా వేసుకున్న బాడీగార్డ్ దిగాడు. వెనక డోర్ నుంచి ఆమె దిగింది. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, దుమ్ములో కూడా మెరిసే చెప్పులు. క్రెస్లర్ సెక్రటరీ మధుర. డెస్క్ సెవెన్ ఫైల్లో ఆమె మీద ఒకే వాక్యం ఉంది. ‘రెండు వైపులా పని చేస్తుంది, ఏ వైపో తెలియదు.’

“ముసలాయన మేనల్లుడివి నువ్వేనా? సరుకు?”

రఘునందన్ పన్నెండు తూటాల సంచి బల్ల మీద పెట్టాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక ఉక్కు రింగు తీసింది. నున్నగా మెరుస్తోంది. దాన్ని చూడగానే నరసింహప్పకు సంగతి తెలిసిపోయింది. రెండో తుపాకీ చాంబరు కొలతకు కోసిన గేజ్ అది. ఆ రింగులో పట్టని తూటా ఆ తుపాకీలో పట్టదు.

మధుర మొదటి తూటా తీసి రింగులో పెట్టింది. ఇత్తడి టోపీ దగ్గర ఆగిపోయింది. మెల్లగా నొక్కింది. దిగలేదు.

బాడీగార్డ్ గుమ్మంలో అటు తిరిగి సిగరెట్ వెలిగించుకుంటున్నాడు. మధుర నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి రఘునందన్ కళ్లలోకి చూసింది. మూడు క్షణాలు. అతని చెయ్యి బల్ల కింద సుత్తి మీద ఉంది.

“అబ్బ, చేతులకి నూనె అంటుతోంది,” అని ఆమె ఆ తూటాను సంచిలోకి జారవిడిచింది. చుట్టూ చూసింది. కిటికీ అర మీద ఒంటరిగా నిలబడి ఉన్న తూటా కనిపించింది. లేచి దాన్ని తీసి రింగులో పెట్టింది. నీళ్లలోకి దిగినట్టు దిగింది. “ఇదిగో, చూడు,” అని బాడీగార్డ్‌కి చూపించింది. వాడు తల ఊపాడు. ఆమె ఆ తూటాను సంచిలో వేసి, దానికి బదులు ఇంకొకటి తీసి అర మీద పెట్టింది. “పన్నెండు. కరెక్ట్. వెళ్దాం.”

కారు మలుపు తిరిగేదాకా షెడ్డులో ఎవరూ కదల్లేదు.

“ఆయమ్మ మన మనిషా, కాదా?” అన్నాడు నరసింహప్ప.

రఘునందన్ సుత్తిని బల్ల మీద పెట్టాడు. తెలిసే కాపాడిందా? అయితే మంచి తూటాను హంతకుడి సంచిలో ఎందుకు వేసింది? ఇంకో విషయం కూడా అతన్ని తొలిచేస్తోంది. వారం రోజులుగా నీళ్లెప్పుడొస్తాయని తనని అడగని మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే.

మళ్లీ దిబ్బ ఎక్కాడు. “సర్, పదకొండు పట్టవు. ఒకటి పడుతుంది.”

“పన్నెండులో ఒకటి. యాక్సెప్టబుల్ రిస్క్,” అన్నాడు బదరీనాథ్.

రఘునందన్ ఫోన్‌ని ఇసుకలోకి విసిరేయబోయి, అది తన సొంత ఫోనని గుర్తొచ్చి ఆగాడు.

* * *

ఆదివారం పదింటికి డాక్టర్ అక్షత జీపు దిగింది. జీన్స్, టోపీ, చేతిలో నోట్‌బుక్. తుప్పుపట్టిన షాఫ్ట్ టవరు కింద పెట్టెలు దింపించి, నేలలో సెన్సర్లు పాతించి, “ఎవ్వరూ కదలొద్దు, దగ్గొద్దు,” అని డ్రైవరుకు చెప్పి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. హంతకుడు కోరుకునేది కూడా సరిగ్గా అదే. కదలకుండా కూర్చున్న మనిషి.

రఘునందన్‌కు ఇచ్చినవాళ్లు ఇద్దరే ఇద్దరు కానిస్టేబుళ్లు. నూరు గజాల లెక్కలో దాక్కోవడానికి రెండే చోట్లు ఉన్నాయి. ఒకటి కప్పులేని పంప్‌హౌస్. రెండోది దిబ్బకు అవతల ఉన్న ఇంజిన్ హౌస్. గనిలోకి మనుషుల్ని దించే తాళ్ల చక్రాలు ఒకప్పుడు తిరిగిన రేకుల కొట్టం అది. పంప్‌హౌస్ దగ్గర కాల్చేవాడికి గాలి వాటం బాగుంది. ముగ్గురూ అటే పాకుతూ వెళ్లారు. లోపల ఒక మేక, దాని పిల్ల.

టైము పది నలభై ఆరు.

“దిబ్బ మీదికి!” అని పరుగెత్తాడు. మూడడుగులు ఎక్కితే రెండడుగులు జారుతోంది. నోట్లో, కళ్లలో బూడిద ఇసుక. కానిస్టేబుళ్లు నడుములోతు కూరుకుపోయి వెనకబడ్డారు. దిబ్బ అవతలికి దొర్లి, ఇంజిన్ హౌస్ గోడ వారగా చేరేసరికి అతని ఊపిరి ఈలలా వస్తోంది. రేకు సందులోంచి లోపలికి చూశాడు.

కిటికీ దగ్గర క్రెస్లర్ మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో టెలిస్కోప్ బిగించిన నల్ల తుపాకీ. గోడకు ఆనించి ఓబలప్ప పాత జోడుగొట్టాల తుపాకీ. పక్కన మధుర. గుమ్మంలో ఎవరూ లేరు. బాడీగార్డ్ కారు దగ్గర ఉండి ఉంటాడు.

క్రెస్లర్ తూటా దోపి, చాంబరు మూసే బోల్ట్ తోశాడు. పడలేదు. లాగి పారేశాడు. ఇంకొకటి. పడలేదు. అరచేత్తో గుద్దాడు. ఇత్తడి కర్రుమంది తప్ప కదల్లేదు. నేల మీద తూటాలు ఒక్కొక్కటే దొర్లుతున్నాయి. ఆరు. ఏడు. వాడి మెడ మీద నరాలు ఉబ్బాయి. ఆ కోపం ఎలాంటిదో రఘునందన్‌కు బాగా తెలుసు. ఎనిమిది. తొమ్మిది.

“నిన్న రెండు పేల్చాం. పది మిగలాలి,” అన్నాడు క్రెస్లర్ ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా. “పదోది ఏది?”

“నాకేం తెలుసు?” అంది మధుర.

వాడు ఆమె మణికట్టు పట్టి మెలితిప్పి హ్యాండ్‌బ్యాగ్ లాక్కుని బోర్లించాడు. లిప్‌స్టిక్, అద్దం, ఉక్కు రింగు కింద పడ్డాయి. వాటితో పాటు ఒక తూటా.

రఘునందన్ వెళ్లి తలుపు మీద పడ్డాడు. అది లోపల గడియ వేసి ఉంది. భుజంతో గుద్దాడు. కదల్లేదు. లోపల బోల్ట్ ‘టక్’మని మెత్తగా మూసుకున్న శబ్దం వినబడింది. తను నాలుగు రోజులు తంటాలు పడి, నాలుగు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి, వెంట్రుకవాసి తేడా లేకుండా చేసిన తూటా అది. తన జీవితంలో ఏ పనీ అంత శుభ్రంగా చేయలేదు.

కిటికీ! గోడ చుట్టూ పరుగెత్తాడు. తుపాకీ గొట్టం కిటికీలోంచి జానెడు బయటికి ఉంది. అవతల హెడ్‌ఫోన్లతో కళ్లు మూసుకుని కూర్చున్న అక్షత. రఘునందన్ ఎగిరి ఆ గొట్టాన్ని రెండు చేతులతో పట్టి పైకి తోశాడు. అదే క్షణంలో లోపలి నుంచి మధుర క్రెస్లర్ మోచెయ్యి మీద చెప్పుకాలితో తన్నింది.

ఢాం!

గుండు రేకు కప్పును చీల్చుకుని ఆకాశంలోకి పోయింది. ఏళ్ల నాటి తుప్పు ముగ్గురి నెత్తిన రాలింది. కాలిన అరచేతులతోనే రఘునందన్ కిటికీలోంచి లోపలికి దూకాడు. క్రెస్లర్ బూటులోంచి కత్తి తీయబోతుంటే మధుర ఓబలప్ప తుపాకీ మడమతో వాడి చెవి వెనక ఒక్కటిచ్చింది. వాడు తన తూటాల మధ్యే పడిపోయాడు.

“ఆ మంచి తూటా సంచిలో ఎందుకు వేశావు?” అని అరిచాడు రఘునందన్.

“గేజ్ పాస్ అయింది ఒక్కటైనా వాడికి చూపించాలి కదా? రాత్రే తీసి నా దగ్గర పెట్టుకున్నాను. వాడు లెక్కపెడతాడని అనుకోలేదు.” ఆమె మణికట్టు నులుముకుంది.

“కోడ్ వర్డ్ చెప్పి ఉండొచ్చు!”

“ఏది, ఆ నీళ్ల సంగతా? వచ్చిన రోజే మా పాలవాడిని అడిగాను. ఊళ్లో ప్రతివాడూ ఆ జవాబే చెప్పాడు. ఆ తర్వాత మానేశాను.”

కానిస్టేబుళ్లు ఇసుక దులుపుకుంటూ వచ్చారు. బేడీలు పడ్డాయి. కారు దగ్గర బాడీగార్డ్‌ని కూడా పట్టుకున్నారు. రఘునందన్ దిబ్బ మీదికి ఎక్కి ఫోన్ చేశాడు.

“వెల్ డన్,” అన్నాడు బదరీనాథ్. “రిపోర్ట్ సాయంత్రానికి కావాలి. ఆ నరసింహప్ప కేసు మాత్రం మామూలుగా నడుస్తుంది. చట్టం చట్టమే.”

రఘునందన్ ఈసారి పళ్లు నూరలేదు. “సర్, రిపోర్టులో తూటాలు నింపింది ఎవరని రాయాలి? నింపింది నేను. ఆయన కుర్చీలో కూర్చుని నన్ను తిట్టారు, అంతే. ముద్దాయిగా నా పేరు రాసుకోండి. ఎవరు పంపితే నింపానో కోర్టులో వివరంగా చెబుతాను. మండీ మేడ, మెట్లు, బోర్డు, అన్నీ.”

వేలంపాట మైకు చాలాసేపు వినబడింది.

“ఆ ఫైల్ నా టేబుల్ మీదే ఉంది,” అన్నాడు బదరీనాథ్ చివరికి. కాగితం చిరుగుతున్న శబ్దం ఫోన్లో స్పష్టంగా వచ్చింది. “ఇంకేమైనా?”

“ఓబలప్ప తుపాకీ ఆయనకు ఈ రోజే ఇంటికి పంపాలి.”

“సరే, సరే.”

ఫోన్ పెట్టి రఘునందన్ దిబ్బ దిగాడు. ముఖం నిండా బూడిద, చొక్కా చిరిగింది, అరచేతులు బొబ్బలెక్కాయి. కింద డాక్టర్ అక్షత హెడ్‌ఫోన్లు మెడలో వేలాడేసుకుని నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె చేతిలోని కాగితపు చుట్ట మీద సన్నగా సాగుతున్న గీత ఒకచోట నిలువునా ఎగిసి చిందరవందరైంది.

“ఇందాక ఆ చప్పుడు చేసింది మీరేనా?”

“అవును మేడమ్.”

“రెండు నెలల ప్రిపరేషన్. మొత్తం రీడింగ్ పాడైపోయింది. మళ్లీ మొదటి నుంచి తీయాలి.” ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. “చూస్తే చదువుకున్నవాడిలా ఉన్నారు. ఆదివారం పూట మీకు వేరే పనేం లేదా?”

రఘునందన్ చొక్కా మీది బూడిద దులుపుకున్నాడు.

“ఉండింది మేడమ్,” అన్నాడు. “ఇప్పుడే అయిపోయింది.”